దప్పిక లేదన్న వేసవి

పార్టీ కార్యాలయంలో పనిచేయడాన్ని ఉద్యోగమని ఎవరూ ఒప్పుకోరు. నాకు సంబంధాలు చూసే రోజుల్లో మా నాయన "మావాడు ఆఫీసులో జేస్తాడు" అని చెప్పి, ఏ ఆఫీసని వాళ్ళు అడిగేలోగా వానల సంగతి ఎత్తుకునేవాడు. అయినా నేను దానిని ఉద్యోగంగానే చేశాను. ఉదయం కార్యాలయం తలుపు తెరవడం, వచ్చినవారికి అర్జీలు రాసిపెట్టడం, సభలకు అనుమతులు అడగడం, సమావేశాలకు తీర్మానాలు సిద్ధం చేసి నిలబడి చదవడం నా పని. చూపు మందగించి ఆ కుర్చీ ఖాళీ చేశాను. ఇప్పుడు అందులో కూర్చుంటున్న యువ మిత్రులు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మరచిపోలేని రోజు ఏదని అడుగుతుంటారు. ఎన్నికల ఫలితాల రోజు గురించి చెబుతానని వారి ఆశ. గెలిచిన రోజులన్నీ నాకు ఒకే తీరుగా గుర్తున్నాయి. రంగులు, టపాసులు, మరునాడు గొంతు నొప్పి. మరచిపోలేనిది మాత్రం ఒక వేసవి. అది గెలుపో ఓటమో చదివి మీరే నిర్ణయించుకోండి.

మాది మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ ఉన్న పల్లె. గొర్రెలు కాసే కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేను. చదువు ముగించుకొని పట్టా చేతపట్టుకొని తిరుగుతున్న రోజుల్లో మా నాయకుడు నన్ను పిలిచి, "తమ్ముడూ, నీ చేతిరాత బాగుందంట. మా ఆఫీసుకు రా" అన్నాడు. నన్ను అంతకు ముందు ఎవరూ ఏ ఆఫీసుకూ రమ్మనలేదు. ఆయనను నేను 'అన్నా' అనే పిలిచాను కనుక ఇక్కడ కూడా అన్న అనే రాస్తాను.

అన్న రాజకీయ జీవితం మా పల్లె ముందున్న రోడ్డు మీదనే మొదలైంది. మా ప్రాంతంలో వేసవి ముదిరితే బోర్లు ఎండిపోతాయి. ట్యాంకర్లు రెండు రోజులు వచ్చి మూడోరోజు మానేస్తాయి. అప్పుడు ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వెళ్ళి రోడ్డు మీద కూర్చునేవారు. మేము పత్రికలకు దానిని 'రాస్తారోకో' అని రాసి పంపేవాళ్ళం. వాళ్ళు మాత్రం 'నీళ్ళకు కూసోవడం' అనేవారు. పరీక్షకు పోయే పిల్లలనూ ఆసుపత్రికి పోయేవారినీ తామే లేచి దాటించేవారు. ఎస్సై వచ్చి, "అమ్మా, ఈరోజు ఎంతసేపు?" అని అడిగితే, మా మేనత్త "తాసిల్దారు ఎంత తొందరగా వస్తే అంత తొందరగా లేస్తాం సామీ" అనేది. తాసిల్దారు వచ్చేవాడు. సాయంత్రానికి ట్యాంకరు వచ్చేది. కుర్రవాడుగా ఉన్న కాలంలో అన్న వాళ్ళ పక్కన కూర్చున్నాడు. ఆయన మీద పడిన మొదటి కేసు అదే. ఎన్నికలలో నిలబడ్డప్పుడు ఆ కేసు సంగతి చెప్పుకోని ఉపన్యాసం ఆయన ఇవ్వలేదు. వాటిలో చాలావరకు రాసిచ్చింది నేనే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

ఆయన శాసనసభకు వెళ్ళిన చాలా కాలానికి, ఒక ఎండాకాలం మొదట్లో, సభ ముందుకు ఒక బిల్లు వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా ఐదుగురు గానీ అంతకు మించి గానీ రోడ్డు మీదో, ప్రభుత్వ కార్యాలయం ముందో, ప్రజాప్రతినిధి ఇంటి ముందో నిరసనగా కూర్చుంటే నేరం. కేసు పడితే జైలుతో పాటు పంచాయతీ ఎన్నికలలో పోటీ చేసే హక్కు కూడా పోతుంది. ప్రజల రాకపోకల సౌకర్యం కోసమే ఈ చట్టమని ప్రభుత్వం చెప్పింది. ప్రభుత్వం మాదే.

ఓటింగును మేము కార్యాలయంలోని టీవీలో చూశాము. నా పక్కన, మా సభలకు మైకు సెట్టు కట్టి ఆటోలో ప్రచారం చేసే సహచరుడు కూర్చున్నాడు. అనుకూలంగా ఉన్నవారు లేచి నిలబడాలని సభాపతి కోరాడు. మా అన్న లేచాడు.

"బావా," అన్నాడు సహచరుడు మెల్లగా, "అన్న లేసినాడా, నడుం పట్టేసి సర్దుకుంటా ఉన్నాడా?"

"లేచినాడు."

"చూడు బావా, ఇంకొంచెం చూడు. కూసుంటాడేమో."

అన్న కూర్చోలేదు. సహచరుడు టీవీ ఆపేసి, మైకు సెట్టు వైర్లు విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే చక్కగా చుట్టి ఉన్నాయి.

మరునాడు పైనుంచి ఆదేశం వచ్చింది. ప్రతి గ్రామానికీ వెళ్ళి చట్టం గురించి ప్రజలకు అవగాహన కల్పించాలి. నేను ఆదేశాలను శ్రద్ధగా పాటించే మనిషిని. చట్టం ప్రతి తెప్పించుకొని, ఒక్కొక్క నిబంధనను తేలిక మాటలలో రాసుకొని బయలుదేరాను. మొదటి గ్రామంగా మా పల్లెనే ఎంచుకున్నాను. మనవాళ్ళే కదా, తేలికగా అర్థం చేసుకుంటారని నా నమ్మకం. నిజంగానే అర్థం చేసుకున్నారు.

పాలకేంద్రం ముందు ఆడవాళ్ళు చేరారు. నేను చదువుతుంటే మా మేనత్త చెయ్యి అడ్డం పెట్టింది. మా నాయన చెల్లెలు. భర్త పోయినా మంద అమ్ముకోకుండా తానే కాసుకుంటూ వచ్చిన మనిషి.

"చదివింది చాల్లే అల్లుడా. మన మాటల్లో జెప్పు. బిందెలు పెట్టుకొని రోడ్డు మీద కూసుంటే ఏమైతాది?"

"కేసు పెడతారత్తా. జైలుండొచ్చు. పంచాయతీకి నిలబడే హక్కు కూడా పోతాది."

"ఏంది, ఈమె సర్పంచికి నిలబడేదుందా?" అని వెనక నుంచి ఒకామె నవ్వింది. "నిలబడినా నేను ఓటెయ్యను పో. ఈమె గొర్రెలు మా కందిచేలో పడినాయి."

"నవ్వండి," అంది అత్త. "నేను నిలబడను. నీ కూతురు చదువుకుంటా ఉంది గదా, అది నిలబడదా? ఈరోజు దాన్ని పక్కన కూసోబెట్టుకున్నామంటే రేపు దాని నోరు కట్టేసినట్టే గదా?" నవ్వు ఆగిపోయింది. అత్త మళ్ళీ నావైపు తిరిగింది. "పర్మిషన్ అడిగితే ఇస్తారా?"

"అడగొచ్చత్తా."

"ఇస్తారా అని అడుగుతా ఉండా."

నేను కాగితం వైపు చూశాను. దానికి సమాధానం అందులో లేదు.

"నీళ్ళకు కూసోవడం తప్పని మన అన్న కూడా ఒప్పుకున్నాడా? మా పక్కన కూసున్నోడు?"

"ఒప్పుకున్నాడత్తా. లేచి నిలబడినాడు."

ఆమెకు కోపం వస్తుందని అనుకున్నాను. రాలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని, "వచ్చి ఒక మాట చెప్పలేదే," అంది, సొంత మనిషి ఇంట్లో పెళ్ళికి పిలుపు రానట్టు. తరువాత అడిగింది. "ఆయనింటికి పోతే కేసు పెడతారా?"

"చుట్టపుచూపుగా పోతే ఎందుకు పెడతారత్తా? ఐదుగురు గాకుండా చూసుకుంటే సరి."

"నలుగురం చాల్లే."

అవగాహన కార్యక్రమం విజయవంతమైందని ఆ సాయంత్రం నేను పైకి తెలియజేశాను.

రెండు రోజుల తరువాత అన్న ఇంటి వసారాలో కూర్చొని ఏదో రాసుకుంటున్నాను. మధ్యాహ్నపు బస్సు దిగి, ఎండలో నడిచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. ముందు మా అత్త. అన్న వాళ్ళమ్మ ఎదురువచ్చింది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. చేలో పుట్టి చేలో పెరిగిన మనిషి. కొడుకు శాసనసభ్యుడైనా, వచ్చినవారికి పనివాళ్ళ చేత కాకుండా తానే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది. మా వైపు పద్ధతి అదే. గడప ఎక్కిన మనిషికి ముందు నీళ్ళు, ఆ తరువాతే మాట. వచ్చినవారు ఆ నీళ్ళు తాగితే ఇరువైపులా మనసులో ఏమీ లేదని అర్థం. తాగకపోతే ఏదో ఉందని అర్థం. అదేమిటో ఇంటివాళ్ళే వెతుక్కోవాలి. వచ్చినవారు చెప్పరు.

"ఎండన పడి వచ్చినారు, తాగండమ్మా," అని పెద్దమ్మ చెంబు చాపింది.

"దప్పిక లేదు వదినా," అంది మా అత్త. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి.

మిగిలిన ముగ్గురూ అదే మాట అన్నారు. వసారా మెట్ల మీద కూర్చున్నారు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందని అడిగారు. గేదె ఈనిందా, మనవరాలు పరీక్షలు ఎట్లా రాసింది అని ఒక్కొక్క సంగతీ ప్రేమగా అడిగారు. ట్యాంకరు మాట ఎత్తలేదు. చట్టం మాట అసలే ఎత్తలేదు. కాసేపు కూర్చొని, "పోయొస్తాం వదినా," అని లేచి వెళ్ళారు. నీళ్ళ చెంబు మెట్టు మీదనే ఉండిపోయింది.

మరునాడు వేరే నలుగురు వచ్చారు. ఆ మరునాడు ఇంకో నలుగురు. పక్క పల్లెల వాళ్ళు కూడా విని వంతులు వేసుకున్నారు. అందరికీ పెద్దమ్మ మోకాళ్ళ మీద అంతే ప్రేమ. ఎవరికీ దప్పిక లేదు.

ఊరంతా చెప్పుకోవడం మొదలైంది. సీఐ ఒకరోజు వచ్చి వసారాలో కూర్చొని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "సార్, వీళ్ళను ఏం చేద్దాం?" అని అన్ననే అడిగాడు. "నినాదాల్లేవు, బోర్డుల్లేవు. లెక్క పెడితే నలుగురే. నీళ్ళు తాగలేదని ఏ సెక్షన్ కింద రాసేది?" తరువాత తన ముందున్న గ్లాసు అందుకోబోయి, మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళను చూసి, చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆయన కూడా ఏదో పల్లె నుంచి వచ్చినవాడే అయి ఉండాలి.

అన్న నన్ను లోపలికి పిలిచాడు. అన్ని ఏళ్ళలో ఆయన గొంతు నా మీద లేవడం అదే మొదటిసారి.

"నువ్వు నేర్పినావా?"

"లేదన్నా. చట్టం చెప్పమన్నారు, చెప్పినాను."

"ఎట్ల చెప్పినావు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పినానన్నా."

ఆయన చేతిలోని ఫోను బల్ల మీద పెట్టాడు. "పైనోళ్ళు అడుగుతా ఉన్నారు. నీ నియోజకవర్గంలోనే ఎందుకిట్ల జరుగుతా ఉందని. ఆదివారం కార్యవర్గం పిలుస్తా ఉండా. చట్టాన్ని సమర్థిస్తా తీర్మానం రాయి. నువ్వే చదువు. అప్పుడు నీ మీద మాట రాదు," అన్నాడు. నన్ను కాపాడాలనే ఆయన అనుకున్నాడు. అది నాకు అర్థమైంది కాబట్టే ఆ మాట మరింత బరువుగా తగిలింది.

బయటికి వస్తుంటే పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నన్ను ఆపింది. "నాయనా, నాకు అన్నం దిగడం లేదు. ఇన్నేళ్ళలో నా చేతి నీళ్ళు వద్దన్నవాళ్ళు లేరు. నా ఇంట్లో ఏం తప్పు జరిగింది? నా కొడుకునడిగితే రాజకీయమంటాడు. నువ్వు చెప్పు."

నేను ఆమె పక్కన పీట మీద కూర్చొని చెప్పాను. నీళ్ళకు కూర్చుంటే కేసని, ఐదుగురైతే నేరమని, అందుకే నలుగురు చొప్పున వస్తున్నారని. ఆమె ఒకే ప్రశ్న అడిగింది.

"నా కొడుకు లేసి నిలబడినాడా?"

"నిలబడినాడు పెద్దమ్మా."

ఆమె నా తల నిమిరింది. ఎందుకో నాకు తెలియదు. చెప్పడానికి నాకు కష్టమైందని ఆమెకు తెలిసి ఉంటుంది.

ఆదివారం అన్న ఇంటి హాలులోనే కార్యవర్గం కూర్చుంది. ఆ తీర్మానం నేను రాశాను. తప్పు లేకుండా, గౌరవంగా, అన్ని తీర్మానాలలాగే రాశాను. చదవడానికి లేచి నిలబడ్డాను. ఎదురుగా కిటికీలోంచి వసారా కనిపిస్తోంది. ఆరోజు వంతు మళ్ళీ మా అత్తది. ఆమెతో వచ్చిన ముగ్గురిలో, మా ఊరి సభలో నవ్విన ఆమె కూడా ఉంది. బడిలో నేను నేర్చుకున్న ప్రతి అక్షరానికీ వీళ్ళు అమ్మిన గొర్రెపిల్లల్లో కొంత భాగముంది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"అన్నా, నేను దీన్ని చదవలేను."

ముందు వరుసలోని పెద్దమనిషి ఒకాయన, "ఏంది, కళ్ళజోడు తేలేదా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

"తెచ్చుకున్నాను పెద్దాయనా. వాళ్ళు రోడ్డు మీద కూసుంటే అన్న కూడా పక్కన కూసున్నాడు. అందుకే మనమంతా ఇక్కడున్నాం. అది నేరమని చదవడానికి నాకు నోరు రాదు. చట్టాన్ని మళ్ళీ ఆలోచించమని తీర్మానం చేస్తే చదువుతాను."

"దానికి చేతులెత్తేదెవరు?" అన్నాడు అదే పెద్దమనిషి.

వెనక తలుపు దగ్గర నిలబడిన మా మైకు సహచరుడు చెయ్యి ఎత్తాడు. అతను కార్యవర్గ సభ్యుడు కాడు. మైకు పెట్టడానికి వచ్చినవాడు. అది గుర్తొచ్చి చెయ్యి సగం దించి, మళ్ళీ ఎత్తాడు. ఇంకెవరూ ఎత్తలేదు.

అన్న ముఖం ఎర్రబడింది. ఆయన ఏదో అనబోయేలోగా వసారాలో కదలిక వినిపించింది. పెద్దమ్మ చెంబు పట్టుకొని బయటికి వచ్చింది. ఎప్పటిలాగే చాపింది. ఎప్పటిలాగే దప్పిక లేదన్నారు. అప్పుడామె చెంబును గోడవారగా పెట్టి, మోకాళ్ళు పట్టుకొని, నెమ్మదిగా వంగి, మా అత్త పక్కన మెట్టు మీద కూర్చుంది.

"వదినా, పైన కూసో," అంది అత్త కంగారుగా. "నువ్వు ఈడ కూసుంటే..."

"ఐదుగురం అయితాం. తెలుసు," అంది పెద్దమ్మ.

అన్న పరుగులాంటి నడకతో బయటికి వెళ్ళాడు. మేమంతా కిటికీల దగ్గరికి చేరాము.

"అమ్మా, లోపలికి రా. జనం చూస్తా ఉన్నారు."

"చూడనీ. నాకూ దప్పిక లేదు."

"అమ్మా!"

"నువ్వు పెట్టిన చట్టమే గదా నాయనా. ఐదుగురుండాము. పెట్టించు కేసు." ఆమె గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు అన్నం తినమని బుజ్జగించినట్టు చెప్పింది. "నీకు జైలు భయం లేదని ఊరంతా చెప్పినావు. నీకు ఆ ధైర్యం యాడనుంచి వచ్చిందనుకున్నావు?"

అన్న ఆమె ముందు నిలబడిపోయాడు. ఆయన ఎప్పుడూ మాటకు తడుముకునేవాడు కాదు. ఆరోజు తడుముకున్నాడు.

"అత్తా," అన్నాడు చివరకు, మా అత్తను చూసి. "నేను లేసి నిలబడింది నిజమే. లేయకపోతే పార్టీలో ఉండనియ్యరు. వచ్చి మీతో చెప్పాలంటే ముఖం చెల్లలేదు."

"అది మొదటిరోజే చెప్పుంటే మొదటిరోజే పోయి ఉందుము గదా నాయనా," అంది అత్త. "మేమేమన్నా నిన్ను కొట్టేదానికి వస్తిమా?"

"ఇప్పుడు నేను ఏం జెయ్యాల?"

"కూసో ముందు. నిలబడి అడిగితే ఎట్ల చెప్పేది?"

అన్న కూర్చున్నాడు. నన్ను పిలిచాడు. కాగితం, కలం తెమ్మన్నాడు. శాసనసభలో ఆయన చదవడానికి ఆ మెట్ల మీద ఆడవాళ్ళు చెప్పిన మాటలను నేను రాసుకున్నాను. నా జీవితంలో రాసిన ఉపన్యాసాలలో నా మాట ఒక్కటీ లేనిది అదే. కార్యవర్గం ఏ తీర్మానమూ లేకుండా ముగిసింది. చెంబు మాత్రం ఆరోజూ గోడవారగానే ఉండిపోయింది.

మిత్రులారా, దీనివల్ల చట్టం రద్దయిందని మీరు అనుకోకండి. వేసవి ముగిసేలోగా శాసనసభ మళ్ళీ కూడినప్పుడు అన్న లేచి ఆ మాటలు చదవడం మొదలుపెట్టాడు. సగం చదివేసరికి మైకు ఆగిపోయింది. మైకు లేకుండానే మిగతా సగం చదివాడు. టీవీలో ఆయన పెదవులు కదలడం మాత్రమే కనిపించింది. చట్టం అలాగే ఉంది. తరువాతి ఎన్నికలలో ఆయనకు టికెట్ రాలేదు. నన్ను కార్యదర్శి పదవి నుంచి తప్పించి, తీర్మానాలు రాసేవారు మరెవరూ దొరకక ఏడాదికి మళ్ళీ పిలిచారు. మా సహచరుడు ఇప్పటికీ ఆ సభలో మైకు ఆపిన మనిషిని వృత్తిపరంగా తిడుతూ ఉంటాడు. "మైకు ఆపొచ్చు బావా. ఆపేముందు మాట పూర్తి కానియ్యాల. అది మా పనిలో మర్యాద," అంటాడు.

అన్న సభ నుంచి తిరిగివచ్చిన సాయంత్రం రైల్వే స్టేషనుకు పార్టీవాళ్ళెవరూ పోలేదు. పోవద్దని పైనుంచి చెప్పారు. నేనూ సహచరుడూ మాత్రం ఆటోలో వెళ్ళి ఇంటికి తీసుకువచ్చాము. ఇంటి ముందు దిగేసరికి వసారా మెట్ల మీద మా అత్త, మరో ముగ్గురు కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ చెంబుతో ఎదురువచ్చింది. అన్న ముందు తాగాడు. తరువాత ఆడవాళ్ళ వైపు తిరిగి, తప్పు చేసినవాడిలా చెప్పాడు.

"చట్టం అట్లనే ఉందత్తా. నేనేం చెయ్యలేకపోయినాను."

"ఉండనీలే. నువ్వు అడిగినావు గదా, టీవీలో చూసినాం," అంది అత్త. "ఏం చదివినావో వినబళ్ళేదు గానీ, మా మాటలే గదా, మాకు తెలుసు."

తరువాత పెద్దమ్మ వైపు తిరిగి రెండు చేతులూ దోసిలి పట్టింది.

"నీళ్ళు పొయ్ వదినా. శానా ఎండన పడి వచ్చినాం."

పెద్దమ్మ తొందరలో చెంబు ఎక్కువగా వంచింది. సగం నీళ్ళు మెట్ల మీద ఒలికిపోయాయి. ఆ వేసవిలో, మా ప్రాంతంలో, ఒలికిన నీళ్ళను చూసి ఎవరూ అయ్యో అనకపోవడం నేను అదొక్కసారే చూశాను.